ఎడమ చేతి కణాలు

గుడ్డు పగలగొట్టి తెల్లసొన గిన్నెలోకి జార్చి, పచ్చసొన మాత్రం పెంకులో నిలబెట్టడం చూసేవాళ్ళకి గారడీలా ఉంటుంది. పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ చేసే నాకు అందులో గారడీ ఏమీ కనపడదు. తెల్లసొన ఆయనది, పచ్చసొన నాది. దీన్ని పంపకం అనడానికి లేదు. అది మిగులు. "కొవ్వంతా దాంట్లోనే ఉంటుంది, నాకు పనికిరాదు" అని ఆయన నెట్టేసినదాన్ని అత్తగారు నా కంచం వైపు జరిపి, "బలం అమ్మాయ్, తిను. పారేస్తే ఎవరికి లాభం" అనేది. ఆయన కండలకి పనికిరానివన్నీ అలా నా కడుపులోకి చేరేవి.

మా ఆయన జిమ్‌లో కోచ్. బయట అందరికీ మాస్టర్. కుర్రాళ్ళు ఆయన చెయ్యి పట్టుకుని ఫోటోలు దిగుతారు. తెల్లసొన తిన్నాక చొక్కా విప్పి, అద్దం ముందు నిలబడి కుడిచెయ్యి మడుస్తాడు. నేను టైలర్ టేపు తెచ్చి ఆ కండ చుట్టూ చుట్టి కొలత చెప్పాలి. కొలత పెరిగిన రోజు స్నానాల గదిలోంచి పాట వినపడుతుంది. పెరగని రోజు ఏం వినపడుతుందో మా పక్కింటివాళ్ళకీ తెలుసు. వాళ్ళు మర్యాదస్తులు, ఆ సమయానికి టీవీ సౌండు పెంచుకుంటారు. అందుకని టేపుని కాస్త వదులుగా పట్టుకోవడం నేర్చుకున్నాను. కాపురం నేర్పిన విద్యల్లో అదొకటి. కానీ ఎంత వదులు చేసినా ఒక హద్దుంటుంది కదా. వయసు మీదపడుతున్న కండ, పోటీలు దగ్గరపడుతున్న సంవత్సరం. ఆ ఉదయం నేను చెప్పిన కొలత విని ఆయన చెయ్యి దించకుండానే అడిగాడు.

"మీ ల్యాబ్ ఫ్రిజ్‌లో ఉంటుందన్నావే, కండ పెంచే మందు. అది తీసుకురా."

తప్పు నాదే అనిపించింది ఒక్క క్షణం. కొన్నాళ్ళ కింద భోజనాల దగ్గర నేనే చెప్పాను. నేను పనిచేసేది కండ కణాల్ని పెంచే ల్యాబ్‌లో. గాజుమూత ఉన్న పెట్టె ముందు కూర్చుని, గుండ్రటి డిష్‌లలో ఉన్న కణాలకి వేళకి ఎర్రటి ద్రవం మార్చి, అవి ఇరుక్కుపోతే వేరుచేసి కొత్త డిష్‌లలో సర్దడం నా ఉద్యోగం. ఆ ద్రవంలో గ్రోత్ ఫ్యాక్టర్లని కొన్ని కలుపుతాం. పేరు గంభీరంగా ఉంది గానీ నా మట్టుకు నాకవి కణాలకి చెప్పే మాటలు. ఒక మాట వింటే కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఇంకో మాట వింటే పెరగడం ఆపేసి, ఒకదాని పక్కన ఒకటి వరుసగా పడుకుని, మధ్య గోడలు కరిగించుకుని ఒకే పొడుగాటి పోగవుతాయి. ఆ పోగులే కండ. డిష్‌లో ఉన్న పోగు ఎవరూ ముట్టుకోకుండా తనంతట తను టుక్కుమని కదిలితే, ఎన్నిసార్లు చూసినా నా ఒళ్ళు జలదరిస్తుంది. ఇదంతా ఆ రోజు చెబుతుంటే ఆయన నమలడం ఆపి మరీ విన్నాడు. పెళ్ళయ్యాక నా పని గురించి ఆయన చెవి పెట్టింది అదొక్కసారే. నాకు సిగ్గులేకుండా సంతోషం కలిగింది. ఆ వినడం ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"అవి మనుషులకి ఎక్కించేవి కాదండీ. పైగా లెక్క ఉంటుంది, కెమెరాలుంటాయి. నా ఉద్యోగం పోతుంది" అన్నాను.

"పోతే పోనీ. నీ జీతంతో మనం మేడలు కడుతున్నామా?"

"తేలేను."

ఎదురుగా నిలబడిన కుడిచేతి వాటం మనిషి పిడికిలి ఎదుటిమనిషి ఎడమ భుజం కిందే పడుతుంది. ఆయనకి ఒంటి నిర్మాణం బాగా తెలుసు. ఎక్కడ కొడితే ఎముక విరుగుతుందో, ఎక్కడ కొడితే చొక్కా చేతుల కింద దాగుతుందో తెలుసు. అందుకే ఎప్పుడూ అక్కడే. మొదటి దెబ్బకి చెయ్యి తిమ్మిరెక్కింది. రెండో దెబ్బకి ఆ తిమ్మిరిలోంచి నిప్పు లేచింది. గోడకి ఆనుకుపోయి జారబోతుంటే జుట్టు పట్టి నిలబెట్టి, సరిగ్గా అదే చోటు వెతుక్కుని మళ్ళీ కొట్టాడు. కండలో దెబ్బ పడిన చప్పుడు తడి బట్ట బండకేసి కొట్టినట్టు ఉంటుంది. ఆ చప్పుడు నా ఒంట్లోంచే వస్తోందని మనసు వెంటనే ఒప్పుకోదు. వంటింటి గుమ్మంలోంచి అత్తగారి గొంతు ఎప్పటిలాగే మెల్లగా వచ్చింది. "కదలకు అమ్మాయ్. కదిలితే తగలరాని చోట తగులుతుంది."

అంతకుమించి ఆవిడ ఎప్పుడూ ఏమీ అనేది కాదు. తర్వాత వేడినీళ్ళ సంచి తెచ్చిచ్చి, "మావాడు మొహం మీద మాత్రం చెయ్యి చేసుకోడమ్మా, ఆ మర్యాద ఉంది వాడికి" అనేది. నా మంచం కింద బట్టల సంచి ఒకటుంది. ఎన్నోసార్లు సర్దుకున్నాను. ప్రతిసారీ నేను ల్యాబ్‌కి వెళ్ళొచ్చేసరికి అందులోని బట్టలు మడతలు నలగకుండా బీరువాలోకి చేరుకునేవి. అది ఆవిడ పనే. ఎందుకు తీశారని నేనూ అడగలేదు, తీశానని ఆవిడా చెప్పలేదు.

ఆ ఉదయం ఇంకో పని మిగిలింది. ఆయనకి వారం వారం బలానికి ఒక విటమిన్ ఇంజెక్షన్. అది నేనే ఇవ్వాలి. ఎందుకంటే అంత బరువులెత్తే మాస్టర్‌కి సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఊళ్ళో ఎవరికీ తెలియని రహస్యం అది. ఇంటి ఆడవాళ్ళిద్దరం కాపాడుకుంటూ వస్తున్నాం. కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి చాపి, తల అటు తిప్పేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. కొట్టిన చేతికే ఇంజెక్షన్. కొట్టించుకున్న చేతితో దూది పట్టుకున్నాను. అది వణుకుతుంటే "నెమ్మదిగా, నెమ్మదిగా" అన్నాడు. నెమ్మదిగానే ఇచ్చాను.

గడప దాటబోతుంటే వెనకనుంచి అన్నాడు. "ఏడవకు. కండ చిరిగితేనే పెరుగుతుంది. మా కుర్రాళ్ళని అడుగు."

ఇందులో సగం నిజం ఉంది. అదే దీంట్లో విషం. కండపోగుల అంచుల్లో కొన్ని కణాలు నిద్రపోతూ ఉంటాయి. కండ చిరిగితే ఆ చిరుగులోంచి ఒక కేక వెళ్తుంది. అదీ గ్రోత్ ఫ్యాక్టరే. నిద్రలో ఉన్నవి ఉలిక్కిపడి లేచి, పెరిగి, చిరుగుని కుట్టేస్తాయి. నిజమే, కుట్టిన చోటు ముందుకంటే గట్టిగా తయారవుతుంది. కానీ కుట్టడానికి వాటికి కాస్త తీరిక కావాలి. ఆ సంగతి ఆయన కుర్రాళ్ళకి చెబుతాడు, "ఈరోజు చేతులు, రేపు రెస్టు" అని. రెస్టు అనే మాట ఆయన ఇంటికి తెచ్చింది లేదు.

ల్యాబ్‌లో మా మేడమ్ పెద్ద సైంటిస్టు. మంచిదే. "ఈ కణాలకి తల్లివి నువ్వే" అంటుంది. తల్లి అంది కాబట్టి ఆదివారం సెలవుండదు. ద్రవం మార్చడానికి రావాలి. తల్లికి జీతం ఎక్కువివ్వాలని ఎవరికీ తోచదు. అచ్చయ్యే కాగితాల్లో ఆ తల్లి పేరుండదు. సరే, ఆ రోజు అక్కడ వేరే గొడవ నడుస్తోంది. పని ఎక్కువ చేసే చేతినుంచీ, తక్కువ చేసే చేతినుంచీ కండ ముక్కలు తీసి, రెండిట్లోని కణాల్నీ పెంచి పోల్చాలని మేడమ్ ప్రయోగం. ముక్క ఇస్తానన్న అమ్మాయి చివరి నిమిషంలో రానంది. సూది పట్టుకుని డాక్టరు వచ్చి కూర్చున్నాడు.

"ఇప్పుడెవర్ని తేను?" అని మేడమ్ తల పట్టుకుంది. తల ఎత్తి నన్ను చూసింది. "నువ్వు ఆరోగ్యంగానే ఉంటావుగా?"

ఉంటానన్నాను. కాగితం మీద సంతకం పెట్టాను. కుడిచేతికి ముందు మత్తిచ్చి, పెన్ను రీఫిల్ అంత లావు సూది దించి, బియ్యపుగింజంత ముక్క లాగారు. ఎడమ చెయ్యి చొక్కా పైకి మడిచినప్పుడు డాక్టరు ఆగాడు. పైన కొత్త ఎరుపు, దాని కింద పాత పసుపుపచ్చ, అంతకంటే పాత బూడిదరంగు, పొరలు పొరలుగా ఉంది.

"ఏమైందమ్మా?"

"తలుపు తగిలింది సార్."

"మీ ఇంటి తలుపు బాగా బలంగా ఉన్నట్టుందే" అని నవ్వి, కొత్త ఎరుపుని తప్పించి, పాత బూడిదరంగు చోట సూది దించాడు. నేనూ నవ్వాను. మన దెబ్బ మీద ఎదుటివాళ్ళు జోకేస్తే, వాళ్ళు ఇబ్బంది పడకుండా నవ్వాల్సింది కూడా మనమే.

ఆ తర్వాత కొన్ని వారాలు నా కణాలకి నేనే తల్లినయ్యాను. రెండు చేతుల కణాలకీ ఒకే వెచ్చదనం, ఒకే ద్రవం, ఒకే మాటలు. కుడివి పొద్దుతిరుగుడు గింజల్లా పొడుగ్గా సాగి, చురుగ్గా పెరిగాయి. ఎడమవాటిలో మొదట కనపడ్డవే తక్కువ. ఆ కాసినీ రెండోసారి డిష్ మార్చేసరికి అలిసిపోయినట్టు ఆగిపోయాయి. వాటి చుట్టూ ఇంకేవో వెడల్పాటి, నక్షత్రాల్లాంటి కణాలు కలుపులా అల్లుకుపోయాయి. పోగులయ్యే మాట చెప్పాం. కుడివైపు డిష్‌లో కణాలు వరుసలు కట్టి ఒకటయ్యాయి. ఒక ఉదయం టుక్కుమని కదిలాయి. నాకు తెలియకుండానే నా కుడిచెయ్యి పిడికిలి బిగిసింది. ఎడమవైపు డిష్ చాపలా పరుచుకుని పడి ఉంది. ఎంత సేపు చూసినా కదలిక లేదు.

మేడమ్ మైక్రోస్కోపులోకి వంగి చాలాసేపు చూసింది. "ఇది కండ కాదు. మచ్చ. ఒకే చోట మళ్ళీ మళ్ళీ నలిగితే ఇలా అవుతుంది. నిద్రపోయే కణాలు లేచి లేచి అయిపోతాయి. కుట్టేవాళ్ళు లేకపోతే ఒళ్ళు గోడ కట్టేసి ఊరుకుంటుంది. ఎవరిది ఇది, ఆక్సిడెంట్ కేసా?" అంది.

"నాది మేడమ్. ఆ రోజు మీరే తీయించారు."

కళ్ళు ఎత్తి నా ఎడమ భుజం వంక చూసింది. ఆ రోజు పక్కనే ఉండి విన్న తలుపు కథ ఆవిడ నమ్మలేదని అప్పుడే తెలిసింది. అప్పుడు ఊరుకుందని కూడా తెలిసింది. "జాగ్రత్తగా ఉండు. ఇలాగే నలుగుతూ పోతే కొన్నాళ్ళకి ఆ చెయ్యి పైకి లేవదు" అని, మళ్ళీ మైక్రోస్కోపులోకి వంగి, "ఈ శాంపిల్ లెక్కలోంచి తీసెయ్. పాడైన కండ మనకి పనికిరాదు" అంది. నా బతుకులో నేను చేసిన పనుల్లో ఎన్ని లెక్కలోకి రాలేదో! ఇప్పుడు నా మాంసం కూడా వాటి సరసన చేరింది.

చెయ్యి లేవదు. ఆ మాట, రెండు డిష్‌లకీ ఫోటోలు తీసి, ఎడమదాన్ని తీసుకెళ్ళి పారేస్తున్నంతసేపూ చెవిలో మోగింది. కుడిచేత్తో సూదిమొన లాంటి గొట్టంతో ద్రవం తీస్తాం, ఎడమచేత్తో డిష్ పట్టుకుంటాం. మా పనికి రెండు చేతులూ కావాలి. అప్పటికే ఎడమచేతిలో డిష్ సన్నగా వణుకుతోంది. నాకంటూ మిగిలింది ఈ పనొక్కటే. దాన్ని కూడా ఆయన నా భుజంలోంచి పిడికిలి పిడికిలిగా లాగేసుకుంటున్నాడు.

మా ఫ్రిజ్‌లో ఇంకో మాట కూడా ఉంటుంది. కణాలకి "ఇక కుట్టకండి, గోడ కట్టెయ్యండి" అని చెప్పే మాట. మచ్చ ఎలా పెరుగుతుందో చూడటానికి వేరే డిష్‌లలో కలుపుతాం. కరిగించాక మిగిలిన చుక్కల్ని పారబోయడమే, మళ్ళీ గడ్డకట్టించకూడదు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళలా ఉంటుంది. కండ పెంచేదీ అలాగే ఉంటుంది, దీనికీ దానికీ చూపులో తేడా లేదు. ఆ సాయంత్రం పారబోయాల్సిన గొట్టాన్ని ఐసు ముక్కల మధ్య పెట్టి భోజనం డబ్బాలో వేసుకున్నాను. ఎందుకో నాకు తెలుసు. తెలియనట్టు నటించడానికి అక్కడ ఎవరూ లేరు కూడా.

ఇంటికొచ్చి గొట్టాన్ని ఫ్రిజ్‌లో గుడ్ల వరసలో నిలబెట్టాను. ఆయన ఇంకా జిమ్ నుంచి రాలేదు. అత్తగారు స్నానం చేసి వచ్చి, "అమ్మాయ్, ఈ చెయ్యి కాస్త తొడుగు" అంది. ఆవిడ ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. పై అరలో డబ్బా అందాలన్నా, జాకెట్టు తొడుక్కోవాలన్నా నేనే. వాతం అంటారు ఇంట్లో. ఇన్నేళ్ళుగా ఆ చేతికి బట్ట తొడుగుతున్నాను. ఆ రోజు మాత్రం నా వేళ్ళు ఆగిపోయాయి. భుజం కింద, చర్మం లోపల, పేనిన తాడులా గట్టిగా ఏదో తగిలింది. నొక్కితే కదల్లేదు. చిన్నప్పుడు మా నాన్న బండి ఎద్దు మెడ తడిమితే కాడి రాసుకున్న చోట ఇలాగే ఉండేది. అక్కడ ఈగ వాలినా దానికి తెలిసేది కాదు.

"ఇది వాతం కాదు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీ మావగారిదీ కుడిచేతి వాటమే" అంది. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. "ఆయన కొట్టేటప్పుడు వీడు గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఏడ్చేవాడు కూడా, మొదట్లో."

బొత్తాలు పెట్టడం నా వల్ల కాలేదు. ఆవిడే ఒక చేత్తో పెట్టుకుంది. నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తెరిచి, గుడ్ల పక్కనున్న గొట్టాన్ని చూసి, "ఏంటిది?" అంది.

"కండని మచ్చ చేసేది."

"నా చేతిలో ఉందే, అదా?"

"అదే."

ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచితే కరెంటు దండగని రోజూ నన్ను కసిరే మనిషి, ఆ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చాలాసేపటికి మూసి, నీళ్ళు తాగకుండానే నా గదిలోకి వెళ్ళింది.

ఆయన చెమటతో వచ్చాడు. రోజూ అడిగినట్టే, చెప్పులు విప్పుతూ "తెచ్చావా?" అన్నాడు.

"తెచ్చాను."

ఆ మొహంలో ఎంత వెలుగు! పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అలా చూడలేదు. "చూశావా, అడగాల్సినట్టు అడిగితే అన్నీ అవుతాయి" అని నా ఎడమ భుజం మీద చరిచి, కుర్చీ లాక్కుని కూర్చుని, కుడిచెయ్యి చాపాడు. అలవాటుగా తల అటు తిప్పేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "త్వరగా కానియ్."

సిరంజిలోకి లాగాను. దూదితో తుడిచాను. ట్యూబులైటు కింద ఆ కండ నున్నగా, గర్వంగా ఉబ్బి ఉంది. ఎన్ని గుడ్ల తెల్లసొనలు, ఎన్ని ఉదయాల టేపు కొలతలు! సూదిమొన చర్మానికి ఆనించాను. గుచ్చుదామనే తెచ్చాను. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో నా వేలి మొదట్లో ఉన్న బలం నా జన్మలో ఎప్పుడూ ఎరగను. నోట్లో నీళ్ళూరాయి. ఆ రుచి నాకు కొత్త. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి పాతదే అయి ఉంటుంది. మా మావగారికీ పాతదే. తండ్రి చేతినుంచి కొడుకు చేతికి వచ్చినదాన్ని ఇప్పుడు కోడలు అందుకుంటోంది. వేలు అక్కడే ఆగింది.

"ఇందులో ఏముందో చెప్పమంటారా?" అన్నాను.

"పెరిగేదేగా."

"ఇదీ పెరిగేదే. కండ పెరగదు, మచ్చ పెరుగుతుంది. మీరు నా చేతిలో పిడికిలితో పెడుతున్నదే. నేను సూదితో తెచ్చాను."

కళ్ళు తెరిచాడు. సూదిని చూశాడు. మొహంలో నెత్తురు ఎటుపోయిందో, పెదాలు బూడిదరంగుకి తిరిగాయి. "ఏం వాగుతున్నావే" అన్నాడు గానీ, ఆ గొంతు జిమ్‌లో కుర్రాళ్ళని అదిలించే గొంతు కాదు.

"కొట్టాలనుంటే కొట్టండి. కుడిచేత్తోనే కొట్టాలి మరి. సూది దాని మీదే ఉంది."

నా వణికే ఎడమచేత్తో ఆయన మణికట్టు పట్టుకుని ఉన్నాను. విదిలిస్తే ఊడిపోయే పట్టు అది. ఆయన విదిలించలేదు. ఆ ఒక్క చుక్కకి అంత చెయ్యి మొద్దుబారిపోదని నాకు తెలుసు. ఆయనకి తెలియదు. నా పని గురించి ఆయన విన్నది ఒకే ఒక్క పూట, అదీ తనకి కావలసిన ముక్క దొరికేదాకానే.

"నొప్పెడుతుందా?" అన్నాడు. చిన్నపిల్లాడిలా అడిగాడు.

"నన్ను అడగాల్సింది ఆ మాట" అన్నాను. "ఇది మీకు గుచ్చను. ఆడవాళ్ళ హాస్టల్లో మంచం అడిగి పెట్టుకున్నాను. ఇప్పుడే వెళ్తాను. నేను మెట్లు దిగేదాకా ఈ కుర్చీలోంచి లేవకండి. రేపు ల్యాబ్‌కి వచ్చినా, హాస్టల్‌కి వచ్చినా, నా రెండు చేతుల ముక్కల ఫోటోలు పోలీసు ముందు పెడతాను. మేడమ్ పాడైందని తీసెయ్యమన్న ముక్క నాకు పనికొస్తుంది."

ఆయన దవడ బిగిసింది. కుర్చీ కోళ్ళు నేల మీద కిర్రుమన్నాయి. పిడికిలి బిగుసుకోవడం నా వేళ్ళ కింద తెలిసింది, సూది కింద కండ రాయిలా లేవడం కనపడింది. అప్పుడు గది గుమ్మంలోంచి ఎప్పటిలాగే మెల్లగా ఆ గొంతు వచ్చింది. అత్తగారు నిలబడి ఉంది. ఎడమచెయ్యి పక్కన వేలాడుతోంది. కుడిచేతిలో నా బట్టల సంచి, నిండుగా.

"కదలకు నాన్నా" అంది. "కదిలితే తగలరాని చోట తగులుతుంది."